అప్పటికప్పుడు లేపిన కణాలు

పాల పరీక్ష కేంద్రం, వెనక గది
జూన్ 4

అన్నయ్యగారికి,

మీరు ఫోన్ తీయరు. మెయిల్ పంపితే మీ ఆఫీసు అమ్మాయి "ప్రొఫెసర్ గారు చూశారు" అని ఒక ముక్క పడేసి ఊరుకుంటుంది. అందుకే కాగితం మీద రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. సంతకం పెట్టి తీసుకుంటారు కాబట్టి రేపు అందలేదని అనడానికి ఉండదు.

తోడల్లుళ్ళం కదా, క్షేమసమాచారాలతో మొదలుపెట్టాలి. మీ మరదలు కులాసా. నేనూ కులాసాయే. మీ ల్యాబ్ నుంచి మీరు మెడపట్టి గెంటాక పాలలో నీళ్ళూ సబ్బుపొడీ పట్టుకుంటూ బతుకుతున్నాను. ఇక్కడ గేదెలు నన్ను "సీసాల దొర" అని పిలవవు. ఆ మేరకు సుఖంగానే ఉంది.

ఇక అసలు సంగతి. మీ వ్యాసం పత్రికలో చూశాను. మొదటి పేజీలో మీ పేరు, దాని పక్కన ఇంకో తొమ్మిది పేర్లు. ఆరేళ్ళు ఆ కణాల్ని కన్నబిడ్డల్లా సాకినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. దాని గురించి ఏడవడానికి రాయడం లేదు. నాలుగో బొమ్మ గురించి రాస్తున్నాను.

మీ ఆలోచన నాకు తెలుసు, దాన్ని తక్కువ చెయ్యను. ఈ ఊపిరితిత్తుల జ్వరం తెచ్చే వైరస్ ఒంటినిండా ముళ్ళుంటాయి. మన ఊపిరితిత్తి కణం పైపొర మీద రిసెప్టర్ అనే ప్రోటీను నిలబడి ఉంటుంది. అదక్కడ ఉన్నది వైరస్ కోసం కాదు, ఒంటికి కావలసిన పనేదో చేసుకోవడానికి. ముల్లు చివర ఉన్న ఇరవై చిల్లర అమైనో ఆమ్లాలు దాన్ని దొరకబుచ్చుకుంటాయి. ఇటు ధనావేశం ఉన్నచోట అటు రుణావేశం ఎదురొస్తుంది, నీళ్ళంటే పడని ముక్క పక్కకు అలాంటి ముక్కే వచ్చి చేరుతుంది. విడివిడిగా చూస్తే ఒక్కో పట్టూ నీరసమే. అన్నీ ఒకేసారి పడితే మాత్రం ఊడిరాదు. మీ మందు ఆ రిసెప్టర్ పట్టుచోటుని అచ్చుగుద్దినట్టు పోలిన చిన్న ప్రోటీను ముక్క. ముక్కులో చుక్కలుగా వేస్తే అది ముందే వెళ్ళి ముల్లుకి తగులుకుంటుంది, ముల్లుకి కణాన్ని పట్టుకునే చోటు మిగలదు. ఆలోచన బంగారం.

నాలుగో బొమ్మలో ఎడమవైపు మందు వెయ్యని కణాలు. వాటికి మెరిసే రంగు పూసిన వైరస్ బాగా అంటుకుని పచ్చగా మెరుస్తోంది. కుడివైపు మందు వేసినవి. మెరుపు లేదు, చీకటి. ప్రపంచమంతా ఆ చీకటిని చూసి చప్పట్లు కొట్టింది. నేను కణాల ఆకారం చూశాను. ఎడమవైపువి కాళ్ళు చాపుకుని పరుచుకుని ఉన్నాయి. కుడివైపువి గోళీల్లా గుండ్రంగా ఉన్నాయి. ట్రిప్సిన్ అనే ఎంజైము పోసి సీసా అడుగు నుంచి అప్పుడే ఊడదీసి లేపిన కణం మాత్రమే అంత గుండ్రంగా ఉంటుంది.

ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. ఆ కుడివైపు కణాల్ని ఎప్పుడు లేపారు? వాటిని ఒకరోజు ఊరకే ఉండనిచ్చారా, లేదా?

ఇట్లు
చిన్నల్లుడు

*

పరిశోధనశాల మూడో అంతస్తు, నా గది
జూన్ 15

చిన్నల్లుడికి,

రిజిస్టర్డ్ పోస్టు చూసి ఎవరో దావా వేశారనుకున్నాను. విప్పి చూస్తే నువ్వు. హాయిగా నవ్వుకున్నాను.

పాలు పరీక్షించేవాడు ప్రోటీన్లు ఎలా అతుక్కుంటాయో నాకు పాఠం చెప్పడం బాగుంది. నువ్వు రాసిన ముక్కలన్నీ నా దగ్గర విన్నవే, నా తెల్లబోర్డు మీద నేను గీసిందే. తిరిగి నాకే అప్పజెప్పావు. పరీక్షలో అయితే పాసు మార్కులు వేసేవాణ్ణి.

నీ ప్రశ్నకు జవాబు వ్యాసంలోనే ఉంది, చిన్న అక్షరాల్లో. చదివే ఓపిక నీకెప్పుడూ లేదు. మొదటిసారి ప్రయోగం చేసిన రోజు సగం ప్లేట్లు పాడయ్యాయి. ఎందుకు పాడయ్యాయో మర్చిపోయావేమో, గుర్తు చేస్తాను. ఇంక్యుబేటర్ అడుగున నీళ్ళ ట్రే ఎండిపోయింది. ట్రే నింపడం ఎవరి పని? నీ పని. కింది అరలో ఉన్న కణాలు వడియాల్లా ఎండిపోయాయి. పై అరలో మిగిలిన మంచి ప్లేట్లని మందు వెయ్యని వాటికి వాడాను. మందు వెయ్యాల్సిన వాటికి నేనే స్వయంగా ఆ ఉదయం కొత్త కణాలు లేపాను. అదంతా ప్రోటోకాల్‌లో అక్షరం పొల్లుపోకుండా రాయించాను. రెండోసారి, మూడోసారి కూడా అచ్చం అలాగే చేయించాను. మూడుసార్లూ ఒకే ఫలితం వచ్చింది. ఒక పనిని ప్రతిసారీ ఒకేలా చేస్తే ఒకే ఫలితం రావాలి, సైన్సంటే అదే. దీన్నెవడూ తప్పనలేదు. పత్రిక తరఫున ముగ్గురు పెద్దలు చదివి ఆమోదించారు.

కణాలకు ఒకరోజు "నిద్ర" ఉండాలన్న నీ పట్టింపు నాకు తెలుసు. ల్యాబ్‌లో అందరూ దాన్ని నీ చాదస్తమనే అనేవాళ్ళు. నేనొక్కణ్ణే నీ ముఖం మీద అన్నాను, అదే నా తప్పు. నిన్ను పంపించింది మాత్రం చాదస్తానికి కాదు. ఒకే నెలలో మూడు సీసాలకు బూజు పట్టించినందుకు.

ఇంకో మాట. మందు ఇప్పుడు జ్వరాల వార్డులో నలభైమంది సిబ్బందికి ఇస్తున్నాం. జాబితాలో మొదటి పేరు ఎవరిదో తెలుసా? ఆ వార్డు హెడ్ నర్సుది. అంటే మీ వదినది, నా భార్యది. పోయిన సోమవారం నుంచి పొద్దునా సాయంత్రం రెండేసి చుక్కలు వేసుకుంటోంది. నాకు అనుమానం ఉంటే నా ఇంటి మనిషి ముక్కులో వెయ్యనిస్తానా? కాస్త బుర్ర పెట్టి ఆలోచించు.

మరదల్ని అడిగానని చెప్పు.

నీ క్షేమం కోరే
అన్నయ్య

*

పాల పరీక్ష కేంద్రం, వెనక గది
జూన్ 24

అన్నయ్యగారికి,

నీళ్ళ ట్రే సంగతి ఎత్తారు, ముందు దానికి జవాబు చెప్పాలి. లేకపోతే ఒళ్ళు మంట తగ్గదు.

ఆ నాలుగు రోజులు నేనెక్కడున్నాను? అత్తగారి కంటి ఆపరేషన్ దగ్గర. పెద్దల్లుడి హోదాలో అక్కడ ఉండాల్సింది మీరు. "నాకు ఊపిరి సలపడం లేదు, నువ్వెళ్ళు తమ్ముడూ, ఇక్కడ నేను చూసుకుంటాను" అన్నది మీరు. ఆవిడ కంట్లో గంటకోసారి మందు వేస్తూ, ఆవిడ నోట "పెద్దల్లుడు రాలేదా, పాపం ఎంత పనో" అని గంటకోసారి మీ పొగడ్తలు వింటూ కూర్చున్నాను. వెళ్ళేముందు తలుపు మీద చీటీ అంటించాను, "ట్రేలో నీళ్ళు చూడండి" అని. చీటీ చదవడం ప్రొఫెసర్ల పని కాదు కాబోలు.

ఇప్పుడు నా చాదస్తం సంగతి. దయచేసి ఈ పేరా దాటెయ్యకండి.

కణాలు సీసా అడుగుని ప్రోటీన్లతోనే పట్టుకుని ఉంటాయి. ట్రిప్సిన్ ఆ ప్రోటీన్లని కోస్తుంది, అందుకే కణాలు లేస్తాయి. ట్రిప్సిన్‌కి ఏది పట్టుకునే ప్రోటీనో, ఏది రిసెప్టరో తెలియదు. పైపొర మీద ఏది పొడుచుకొచ్చి కనిపిస్తే దాన్ని గొరిగేస్తుంది. లేచిన కణం బోడిగుండుతో ఉంటుంది. రిసెప్టర్లు మళ్ళీ మొలవడానికి వెచ్చగా చాలా గంటలు కావాలి, అందుకే ఒకరోజు వదిలెయ్యమని మొత్తుకునేవాణ్ణి. మీరు ఆ ఉదయం లేపిన కణాల్ని అప్పటికప్పుడు తీసుకెళ్ళి ఎక్కడ పెట్టారు? మంచు మీద. గంటసేపు. వైరస్ అంటుకోవాలిగానీ లోపలికి దూరకూడదు కాబట్టి ఆ పరీక్ష మంచు మీదే చెయ్యాలి, ఒప్పుకుంటాను. కానీ మంచు మీద ఏ కణం రిసెప్టర్లు మొలిపించుకుంటుంది?

మందు వేసిన ప్లేట్లన్నీ బోడి కణాలవి. మందు వెయ్యని ప్లేట్లన్నీ నిండు కణాలవి. వైరస్ ముల్లుకి పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు, పట్టుకోలేదు. మీ మందు బదులు కుళాయి నీళ్ళు పోసినా అదే చీకటి వచ్చేది. తలుపుకున్న గొళ్ళెం పీకేసి, దొంగ గొళ్ళెం తియ్యలేకపోయాడని సంబరపడ్డారు. ఒకసారి అయితే పొరపాటు. దాన్ని ప్రోటోకాల్‌లో రాసి, చుట్టూ గీత గీసి, మూడుసార్లు చేయించారు.

పోనీ అని ఊరుకుందును. మీ బిరుదులు మీరు ఊరేగించుకోండి, నాకేం. కానీ వదినని ఎందుకు లాగారు? మొన్న మీ మరదలితో ఫోన్లో ఏమందో తెలుసా? "రెండో మాస్కు తీసేశామే, ఊపిరాడుతోంది. ముక్కులో కాపలా ఉందిగా" అంది. వార్డంతా తీసేశారట. మీ మందు ఏమీ చెయ్యకపోయినా బాధ లేదు. కానీ అది వాళ్ళ మాస్కు తీయించింది.

నాలుగే ప్లేట్లు. రెంటిలో ఒకరోజు ఉంచిన కణాలు, రెంటిలో అప్పటికప్పుడు లేపినవి. ప్రతి జతలో ఒకదానికే మందు వెయ్యండి. రెండు రోజుల పని. చేతులు జోడించను, మీరు దానికి తగరు. చేసి చూడండి.

చిన్నల్లుడు

*

పరిశోధనశాల మూడో అంతస్తు, నా గది
జూలై 6

చిన్నల్లుడికి,

నీ ఉత్తరం చదివాను. చేతులు జోడించనన్నావు, సంతోషం. ఆ చేతులతో బూజు అంటించకుండా ఉంటే చాలు.

నువ్వు రాసే భాష చూస్తే నీకు సైన్సు మీద ప్రేమకన్నా నా మీద కడుపుమంటే ఎక్కువని తెలుస్తూనే ఉంది. నిన్ను ల్యాబ్‌లో చేర్చుకున్నది నేను. మీ పెళ్ళైన కొత్తలో "మా మరిదికి ఏదైనా చూడండి" అని నా భార్య పోరు పెడితే చేర్చుకున్నాను. ఆరేళ్ళు నీడనిచ్చాను. దానికి నువ్వు తీర్చుకుంటున్న రుణం ఇది.

ఇకమీదట ఈ ఆరోపణలు ఎక్కడైనా బయట మాట్లాడితే మా న్యాయవాది నీతో మాట్లాడతాడు. ల్యాబ్ నోటుపుస్తకాల్లోని విషయాలు బయటపెట్టనని చేరేటప్పుడు సంతకం పెట్టావు. ఆ కాగితం నా బీరువాలోనే ఉంది.

ఒక చిన్న విషయం అడుగుతాను, ఊరికే, తెలుసుకోవాలని. ట్రిప్సిన్ తర్వాత రిసెప్టర్లు పూర్తిగా మొలవడానికి కచ్చితంగా ఎన్ని గంటలు పడుతుందని నీ అనుభవం? మన కణాల్లో. ఎనిమిది గంటలకు సగమైనా వస్తాయా? మందు మోతాదు పదింతలు పెంచితే ముల్లు మీద ఎక్కువసేపు నిలుస్తుందని నీకెప్పుడైనా అనిపించిందా? ఇదేదో నీ మాట ఒప్పుకున్నట్టు అనుకోకు. అన్ని కోణాలూ చూడడం నా అలవాటు.

అన్నట్టు, ఇంకోటి నా మనసులో మెదులుతోంది. మూడోసారి ప్రయోగం చేసింది ఎవరు? నేను కాదు. ఆ వారం నేను ఊళ్ళో లేను. నోటుపుస్తకం తీసి చూశాను. తేదీ, కణాల సంఖ్య, ట్రిప్సిన్ పోసిన నిమిషం, అన్నీ నీ దస్తూరీయే. కింద నీ సంతకం. కణాలు గుండ్రంగా ఉన్నాయని బొమ్మ చూసి కనిపెట్టానని మొదటి ఉత్తరంలో రాశావు. ఆ రోజు నీ కళ్ళతో సూక్ష్మదర్శినిలో చూసింది నువ్వే కదా. అప్పుడు కనిపించనిది రెండేళ్ళ తర్వాత పత్రికలో ఎలా కనిపించింది?

దీనికి జవాబు చెప్పి తర్వాత నాకు నీతులు చెప్పు.

అన్నయ్య

*

పాల పరీక్ష కేంద్రం, వెనక గది
జూలై 13

అన్నయ్యగారికి,

మీరు తెలివైనవాళ్ళని నేనెప్పుడూ కాదనలేదు. పట్టుకున్నారు.

నాకు అప్పుడే తెలుసు. మూడోసారి చేస్తున్నప్పుడే.

ప్రోటోకాల్ కాగితం చేతిలో పట్టుకుని, అందులో ఉన్నట్టే మందు ప్లేట్ల కోసం ఉదయం కణాలు లేపాను. చెయ్యి ఊరుకోలేదు. ముందురోజు లేపి ఉంచిన ప్లేటు ఒకటి అదనంగా ఉంటే, దానికీ మందు వేసి మిగతావాటితో పాటు మంచు మీద పెట్టాను. గంట తర్వాత చూస్తే మీ ప్లేట్లు చీకటి. నా ప్లేటు పచ్చగా వెలిగిపోతోంది. మందు ఉన్నా వైరస్ దానిమానాన అది అంటుకుంది. అక్కడే బల్ల దగ్గర నిలబడి అంతా అర్థం చేసుకున్నాను. ఏ పిల్లవాడికైనా అర్థమవుతుంది.

మీకు చెప్పాలనే బయల్దేరాను. అదే రోజు మధ్యాహ్నం మీ సన్మానం జరిగింది, గుర్తుందా? కింద పెద్ద గదిలో. ఊరి నుంచి అప్పుడే దిగి నేరుగా అక్కడికే వచ్చారు. అత్తగారు, అక్కాచెల్లెళ్ళిద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. మీరు అందరినీ వేదిక మీదకి పిలిచి పరిచయం చేశారు. నా వంతు వచ్చినప్పుడు మైకులో "ఇతను మా సీసాల దొర. సీసాలు బాగా కడుగుతాడు" అన్నారు. హాలంతా నవ్వింది. నా భార్య తల దించుకుంది. నేను కూడా నవ్వాను, వేదిక మీద ఇంకేం చేస్తాను. జేబులో ఆ పచ్చ ప్లేటు అంకెలు రాసిన కాగితం ఉంది. దాన్ని చేత్తో తడుముతూ, "ఎక్కండి, ఇంకా పైకి ఎక్కండి, పైనుంచి పడితేనే బాగా తగులుతుంది" అనుకున్నాను.

ఇదీ జవాబు. మతిమరుపు కాదు, భయం కాదు. కసి. తర్వాత మూడు సీసాలకు బూజు పట్టిందని మీరు నన్ను తోలేశారు. బూజు నేను పట్టించలేదు, పట్టడం చూసి కూడా మీకు చెప్పలేదు, రెంటికీ తేడా ఉంది. అప్పటికి నాకు ఆ కణాలేమైపోయినా అక్కర్లేదు.

నా లెక్క ఏమిటంటే, మీ మందు ఏదో ఒక పెద్ద ల్యాబ్‌లో పరీక్షకు వెళ్తుంది, వాళ్ళు కణాల్ని ఒకరోజు ఉంచుతారు, మీ పరువు నడివీధిలో పడుతుంది, నేను పాల డబ్బాల మధ్య కూర్చుని చదువుకుంటాను. మధ్యలో మనుషుల ముక్కులు ఉంటాయని నేను ఆలోచించలేదు. ఆలోచించలేదు అనడం కూడా అబద్ధమేమో. ఆలోచన వచ్చినప్పుడల్లా పక్కకు నెట్టాను.

అంకెల కాగితం దీనితో పంపుతున్నాను. ఇక మీరు ఊరికే అడిగానన్న ప్రశ్నలు. ఎనిమిది గంటలకు సగం కూడా రావు. మోతాదు పదింతలు పెంచినా లాభం లేదు. మీ ముక్క ముల్లుకి తగులుకుంటుంది, కాదనను, కానీ తగిలిన క్షణంలోనే జారిపోతుంది. అసలు రిసెప్టర్ ఒక్కచోటే పట్టదు. చుట్టూ ఉన్న చక్కెర గొలుసులు కూడా ముల్లుని ఆనుకుని నిలబెడతాయి. మీ ముక్కకు ఆ గొలుసులు లేవు. ఈ ప్రశ్న ఊరికే అడిగే మనిషి కాదు మీరు. పరీక్ష చేశారా? చేస్తే ఏం వచ్చింది?

ఏం వచ్చినా సరే, రేపు పొద్దున్నే వదిన చేతిలోంచి ఆ సీసా లాక్కోండి.

చిన్నల్లుడు

*

జ్వరాల వార్డు బయట, బెంచీ మీద
జూలై 22

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇక్కడికే తెచ్చుకుని చదివాను. మీ వదినకి శుక్రవారం నుంచి జ్వరం. రిపోర్టు వచ్చింది. అదే వైరస్. గాలి గొట్టం పెట్టారు, మాట్లాడొద్దన్నారు. లోపలికి నన్ను రోజుకు పది నిమిషాలు పంపుతారు.

పరీక్ష చేశానా అని అడిగావు. చేశాను. నీ రెండో ఉత్తరం వచ్చిన రెండు రోజులకే చేశాను, జూన్ ఆఖరులో. ఆదివారం, ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు, నాలుగు ప్లేట్లు. కణాలు నేనే లేపాను. ఒకరోజు ఉంచిన రెండు ప్లేట్లూ వెలిగాయి. మందు ఉన్నదీ, లేనిదీ, రెండూ ఒకేలా. అప్పటికప్పుడు లేపినవి రెండూ చీకటే, మందు లేనిది కూడా. నువ్వు కుళాయి నీళ్ళన్నావు. అంతే.

నీకు ఆ బెదిరింపు ఉత్తరం రాసేటప్పటికి అది నాకు తెలుసు. మోతాదు పెంచితే ఏమైనా నిలబడుతుందేమోనని వెతుకుతున్నాను. ఆగస్టులో సమీక్ష కమిటీ ఉంది, అప్పటిదాకా గడిపి, ఆ తర్వాత ఏదో కారణం చెప్పి గౌరవంగా ఆపుదామనుకున్నాను. నాలుగు వారాలే కదా అనుకున్నాను. ఆవిణ్ణి సెలవు పెట్టమన్నాను. "వార్డు నిండా రోగులుంటే సెలవేమిటి, మతి ఉందా" అంది. రెండో మాస్కు పెట్టుకోమన్నాను. "మీ మందు మీద మీకే నమ్మకం లేదా" అని నవ్వింది. రోజూ పొద్దున అద్దం ముందు తల వెనక్కి వాల్చి ఆవిడ ఆ రెండు చుక్కలూ వేసుకుంటుంటే, పక్కన నిలబడి గడ్డం గీసుకున్నాను.

ఇది చదివి నువ్వు సంబరపడితే పడు. కానీ ఒక్కటి గుర్తుంచుకో. నేను దాచింది నాలుగు వారాలు. నువ్వు దాచింది రెండేళ్ళు. నువ్వు ఆ రోజు వేదిక దిగి, జేబులో కాగితం తీసి నా ముఖాన కొట్టి ఉంటే ఈ మందు పుట్టేదే కాదు. ఒక్క వెక్కిరింత మాటకి ఇంత చేస్తావా? నిన్ను జన్మలో క్షమించను.

రేపు కమిటీకి రాసి ప్రయోగం ఆపిస్తాను.

అన్నయ్య

*

జ్వరాల వార్డు, పదకొండో మంచం
ఆగస్టు 9

మీ ఇద్దరికీ,

ఇదే ఉత్తరం రెండుసార్లు రాస్తున్నాను, చెరొకటి. ఒకటి రాసి ఒకరికొకరు చూపించుకోండి అంటే మీరు చూపించుకోరు.

నాకు గొట్టం తీసేసి ఆరు రోజులైంది. కూర్చోగలుగుతున్నాను. ఏమండీ, మీరు మొన్న బ్యాగు నా మంచం కింద వదిలి డాక్టరుతో మాట్లాడ్డానికి వెళ్ళారు. కళ్ళజోడు కోసం వెతికితే మరిది ఉత్తరాలు దొరికాయి. అంకెల కాగితం కూడా. మీరు మరిదికి రాసినవాటిని నా చెల్లెలి చేత ఫోన్లో చదివించుకుని, తర్వాత ఇక్కడికి తెప్పించుకున్నాను. చదివినంతసేపూ అది ఏడుస్తూనే ఉంది. నేను ఏడవలేదు, ఏడిస్తే దగ్గొస్తుంది.

నేను పాతికేళ్ళుగా నర్సుని. వైరస్ ముల్లు ఎక్కడ పట్టుకుంటుందో, ఏ ఆవేశం ఏ ఆవేశాన్ని లాగుతుందో నాకు మీ అంత తెలియదు. కానీ ఇద్దరు పెద్దమనుషులు ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటే మధ్యలో ఎవరు నలుగుతారో నాకు తెలుసు.

మరిదీ, నీకు నా ఫోన్ నంబరు తెలుసు. నీ పెళ్ళాం నాతో రోజూ మాట్లాడుతుంది. నువ్వు ఆ ఫోన్ ఒక్క నిమిషం అందుకుని "వదినా, ఆ మందు పనిచెయ్యదు, మాస్కు తియ్యొద్దు" అంటే సరిపోయేది. అంత తేలిక పని నువ్వు చెయ్యలేదు. రిజిస్టర్డ్ పోస్టులో మీ అన్నయ్యగారికి మూడు ఉత్తరాలు రాశావు. ఆయన చేత ఒప్పించాలి, ఆయన తల వంచాలి, నీకు అదే ముఖ్యం. నా ముక్కు సంగతి రెండో ఉత్తరంలో ఆరో పేరాకి గానీ గుర్తు రాలేదు.

ఇక మీరు. మీ గురించి ఏం రాయను. అద్దం ముందు పక్కనే నిలబడ్డారు. చెయ్యి చాపితే అందేంత దూరం. కమిటీకి రాస్తానన్నారు కదా, ఏం రాశారో తెప్పించుకుని చదివాను. "మందు సరఫరాలో జాప్యం వల్ల తాత్కాలికంగా నిలిపివేత" అని రాశారు. తాత్కాలికంగా! నేను నిన్న కమిటీకి వేరే ఉత్తరం రాశాను. మీవన్నీ దానికి జత చేశాను. మీ ఇద్దరి రాతలూ, ఒక్కటీ వదలకుండా. ఇకనుంచి ఏం జరుగుతుందో వాళ్ళ ఇష్టం. మిమ్మల్ని కాపాడమని నన్ను అడక్కండి.

ఇది రాయడానికి కారణం ఇవేవీ కావు. మా వార్డులో నేలలు తుడిచే పెద్దావిడ ఒకావిడ ఉండేది. అందరం పిన్నీ అనేవాళ్ళం. జాబితాలో చేరమని అందరికీ చెబుతున్నప్పుడు ఆవిడ భయపడింది. "నువ్వు వేసుకున్నావా అమ్మా?" అని అడిగింది. "వేసుకున్నాను పిన్నీ, మా ఆయన చేసిందే" అన్నాను. "ఐతే నాకేం భయం" అని వేలిముద్ర వేసింది. మర్నాటి నుంచి ఆ గుడ్డ మాస్కు మీద వేసుకునే గట్టి మాస్కు తీసి జేబులో పెట్టుకుంది. నాకు జ్వరం వచ్చిన రెండు రోజులకు ఆవిడకూ వచ్చింది. నా పక్క గదిలోనే ఉంది. మంగళవారం పోయింది. నాకు నిన్నటిదాకా చెప్పలేదు.

నిన్న ఆవిడ కూతురు నన్ను చూడ్డానికి వచ్చింది. తల్లి బట్టల మూట చంకలో పెట్టుకుని, తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

"సిస్టర్, మా అమ్మ మతిమరుపు మనిషి. ముక్కులో మందు ఏ పూటైనా వేసుకోవడం మర్చిపోయిందేమో కాస్త చూసి చెబుతారా? అందుకేనా ఇలా అయింది?"

చార్టు చూడక్కర్లేదు. అందులో ప్రతి టిక్కూ నేను పడకెయ్యక ముందు నా చేత్తో పెట్టిందే. "ఒక్క పూట కూడా మానలేదు" అన్నాను. ఆ పిల్ల గుండె మీద చెయ్యి పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది. "హమ్మయ్య. అమ్మ తప్పేం లేదన్నమాట" అంది.

మిగతాది నేను చెప్పలేకపోయాను. నా వల్ల కాదు. మీరిద్దరూ చెప్పాలి. గురువారం పదింటికి కాగితాల మీద సంతకాలు పెట్టడానికి ఆ పిల్ల మళ్ళీ వస్తుంది. వార్డు బయట బెంచీ ఉంది, అక్కడ కూర్చోబెడతాను. ఇద్దరూ రండి. ట్రిప్సిన్, రిసెప్టరు అని మొదలుపెట్టకుండా, దానికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. చెప్పాక, ఎవరి తప్పు అని అడుగుతుంది. అప్పుడు ఒకరి వైపు ఒకరు వేలు చూపించకండి.

హెడ్ నర్సు